గాజు గొట్టంలో చలిచీమల కాపురం

పెన్నా నదికి ఉత్తరపు ఒడ్డున, నెల్లూరు నగరానికి ఎదురుగా ఉన్న కోవూరు ప్రాంతం ప్రధానంగా వరి మాగాణి. దానికి తోడు ఇళ్ల పెరళ్లలో కొబ్బరి, నిమ్మ, బొప్పాయి, బెండ వంటివి పెరుగుతాయి. తీరం వైపు ఇసుక నేలల్లో వేరుశనగ సాగవుతుంది. వీటన్నిటిలోనూ, రైతు వంటింటిలోనూ సమానంగా కనిపించే జీవి చలిచీమ. విత్తనం మోసుకుపోయినా, బెండ మొక్కల మొదళ్లలో చేరినా, బొప్పాయి మీద పిండినల్లి చుట్టూ తిరిగినా రైతు అడిగే ప్రశ్న ఒకటే: "చీమలకు మందేమిటి?" సాధారణంగా లభించే సమాధానం బారు మీద చల్లే ఏదో ఒక పొడిమందు. ఆ రోజు బారు మాయమవుతుంది. నాలుగు రోజులకు మరో గోడ వెంట, మరో గట్టు వెంట మళ్లీ కనిపిస్తుంది.

ఇలా ఎందుకు జరుగుతుందో బారును చూస్తే తెలియదు, గూటిని చూస్తే తెలుస్తుంది. అయితే చలిచీమల గూడు ఎండుపుల్ల బోలులోనో, గోడ పగులులోనో, బెరడు కిందనో దాగి ఉంటుంది. తెరిచిన మరుక్షణం చెదిరిపోతుంది. అందువల్ల ఒక చిన్న సమూహాన్ని గాజు గూటిలో పెంచి పరిశీలించడం మేలైన మార్గం. ఈ పద్ధతికి పెద్ద ఖర్చు అవసరం లేదు. గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమంలో ఉన్న విద్యార్థి సైతం తన బస గదిలో నిర్వహించగలడు.

నెల్లూరు వైద్యుడు, చీమల జాబితా

చీమల అధ్యయన చరిత్రలో నెల్లూరుకు ఒక చిన్న స్థానం ఉంది. 1840ల తొలి సంవత్సరాల్లో నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన థామస్ కావర్‌హిల్ జెర్డాన్ పేరు తెలుగువారికి కలివికోడి ద్వారా సుపరిచితం. ఆ పక్షికి ఆంగ్లంలో ఆయన పేరే ఉంది. ఆయన పక్షులతో ఆగలేదు. దక్షిణ భారతదేశపు చీమల జాబితాను 1851లో మద్రాసు సాహిత్య విజ్ఞాన పత్రికలో ప్రచురించారు. మోనోమోరియమ్ ఫ్లోరికోలా, ట్రైకోమిర్మెక్స్ డిస్ట్రక్టర్ అనే రెండు అతి చిన్న చీమలకు నేటికీ చెల్లే శాస్త్రీయ జాతి నామాలు ఆ జాబితా నుంచి వచ్చినవే. ఈ రెండూ ఓడ సరుకులతో, మొక్కలతో ప్రయాణించి నేడు ఉష్ణమండల ప్రపంచమంతటా స్థిరపడ్డాయి.

అదే జాబితాలోని హార్పెగ్నాథోస్ సాల్టేటర్ అనే దూకే చీమ మరో దారి పట్టింది. విదేశీ ప్రయోగశాలల్లో తరతరాలుగా పెంపకంలో ఉండి, 2010లో పూర్తి జన్యుక్రమం వెలువడిన తొలి రెండు చీమలలో ఒకటిగా నిలిచింది. పేరు పెట్టడానికి సేకరించిన నమూనా చాలు. ప్రవర్తనను, సంతానాన్ని, వయస్సును తెలుసుకోవాలంటే మాత్రం ప్రాణంతో పెంచాలి. ఇంగ్లండులో జాన్ లబక్ రెండు గాజు పలకల మధ్య పలుచగా మట్టి పరచి చీమలను పెంచి, ఆ పరిశీలనలను 1882లో గ్రంథంగా ప్రకటించారు. 1874లో ఆయన గూటికి చేరిన ఒక రాణి చీమ 1888 వరకు జీవించింది. చీమ ఆయుష్షు అన్నేళ్లని గూడు కట్టి కాచినందువల్లనే తెలిసింది.

ఏ చీమను ఎంచుకోవాలి

జనం చలిచీమ అనే ఒక్క మాటతో పిలిచేవి శాస్త్ర దృష్టిలో అనేక జాతులు. పెంపకానికి ముందు భూతద్దం కింద నడుమును, మీసాలను చూడడం అవసరం. మోనోమోరియమ్ జాతులకు నడుములో రెండు కణుపులు ఉంటాయి. మీసానికి 12 ఖండాలు, వాటిలో చివరి మూడు గదలా లావెక్కి ఉంటాయి. ఫ్లోరికోలా శ్రామికుల పొడవు రెండు మిల్లీమీటర్లకు మించదు; తల, పొట్ట ముదురు గోధుమ రంగులోనూ, నడిమి భాగం లేత రంగులోనూ ఉంటాయి. దాని బంధువైన ఫారో చీమ లేత పసుపు రంగుది. టాపినోమా మెలనోసెఫాలమ్‌కు తల నల్లగా, పొట్ట పాలిపోయి ఉంటుంది. వేళ్ల మధ్య నలిపితే ముక్కిన కొబ్బరి వాసన వస్తుంది. మీసానికి 10 ఖండాలు ఉండి చివరి రెండే లావెక్కితే అది సొలెనోప్సిస్, అంటే కుట్టే అగ్గిచీమ. తొలిసారి పెంచేవారు దాని జోలికి పోకపోవడం మంచిది.

ఈ ప్రాంతంలో విద్యార్థికి అనువైనవి ఫ్లోరికోలా, టాపినోమా. వీటి గూటిలో ఒకటికి మించి రాణులు ఉంటాయి. ఫ్లోరికోలా రాణికి రెక్కలే ఉండవు. కొత్త కాపురం పెట్టాలంటే కొందరు శ్రామికులను వెంటబెట్టుకుని నడిచే పోవాలి. అందువల్ల ఒకటి రెండు రాణులు, వంద నుంచి రెండు వందల శ్రామికులు, కొన్ని గుడ్లు, లార్వాలు, ప్యూపాలు దొరికితే చాలు, సమూహం నిలదొక్కుకుంటుంది. ఒంటరి రాణిని పట్టి నెలల తరబడి మొదటి సంతానం కోసం ఎదురుచూడవలసిన పని లేదు.

చెట్టు మీది ఎండుపుల్లలను విరిచి చూస్తే ఫ్లోరికోలా గూళ్లు దొరుకుతాయి. పుల్లను చీల్చి చీమలను కుంచెతో ఏరడం వృథా శ్రమ. సగం పారిపోతాయి, సగం నలుగుతాయి. పుల్లను నిలువు గోడల ట్రేలో వెలుతురు తగిలేలా ఉంచి, పక్కనే చీకటిగా, తడిగా ఉన్న గాజు గొట్టం పెట్టాలి. పుల్ల ఆరిపోయే కొద్దీ చీమలు తామే పిల్లలను నోట కరచుకుని, రాణులను వెంటబెట్టుకుని గొట్టంలోకి మారతాయి. ఈ వలస గంటల్లో ముగియవచ్చు, ఒకటి రెండు రోజులూ పట్టవచ్చు. తొందరపెట్టకూడదు.

గూడు అమరిక

సన్నని పరీక్షనాళికలో మూడో వంతు నీరు పోసి, దూదిని గట్టిగా దూర్చి నీటిని అవతల నిలపాలి. ఆ తడి దూదికి ఇవతలి ఖాళీయే గూడు. నాళిక చుట్టూ ఎర్ర కాగితం చుడితే చీమలకు చీకటి, పరిశీలకుడికి వెలుతురు. ఎర్రని కాంతి వాటి కంటికి అంతగా ఆనదు. అతి చిన్న చీమలకు విశాలమైన గూడు మేలు చేయదు. ఖాళీ ఎక్కువైతే తేమ నిలవదు. చెత్త గూటి లోపలే చేరుతుంది. సమూహం పెరిగిన తరువాత మరో నాళికను పక్కన చేర్చడమే సులభం. కొందరు ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో చిన్న గదులు చెక్కి పైన గాజు పలక మూస్తారు. ఒక మూల తడిపితే మరో మూల వరకు తేమ క్రమంగా తగ్గుతూ పోతుంది; గుడ్లను ఎక్కడ, ప్యూపాలను ఎక్కడ ఉంచాలో చీమలే నిర్ణయించుకుంటాయి.

నాళికను నిలువు గోడల ప్లాస్టిక్ ట్రేలో ఉంచాలి. ఆహారం పెట్టేది, చీమలు తిరిగేది ఈ ట్రేలోనే.

కోవూరు వాతావరణంలో రెండు గండాలు

శీతల దేశాల్లో ఈ చీమలను పెంచేవారికి వేడి కల్పించడమే మొదటి పని. ఫారో చీమ గుడ్డు శ్రామికురాలిగా మారడానికి 27 డిగ్రీల సెల్సియస్ వద్ద, 80 శాతం తేమలో సుమారు 38 రోజులు పడుతుంది. నెల్లూరు తీరంలో ఏడాదిలో ఎక్కువ కాలం ఆ వేడి గది గాలిలోనే ఉంటుంది. ఇక్కడి గండాలు వేరు.

మొదటిది మే నెల. పడమటి వడగాలి వీచే రోజుల్లో గాలి ఎండిపోతుంది. శరీరం చిన్నదయ్యే కొద్దీ బరువుతో పోలిస్తే ఉపరితలం ఎక్కువ, కాబట్టి నీరు ఆవిరయ్యే వేగమూ ఎక్కువ. పెద్ద గండుచీమ తట్టుకునే ఎండలో రెండు మిల్లీమీటర్ల చీమ కొద్ది సేపట్లోనే వడలిపోతుంది. ఆ నెలలో నాళికలోని నీటిని రోజూ చూడాలి. ట్రేను గదిలో నేలమీద, గోడ నీడన ఉంచాలి. ఎండ తగిలే కిటికీ దగ్గర మూసిన గాజు నాళిక క్షణాల్లో పొయ్యిగా మారుతుంది.

రెండోది అక్టోబరు నుంచి డిసెంబరు వరకు. జిల్లాకు ప్రధాన వర్షాధారం ఈశాన్య రుతుపవనమే. ఆ ముసురులో గూటికి తేమ కరవు ఉండదు. బూజు పట్టడం, ట్రే గోడలకు పూసిన అడ్డుపూత పనిచేయకపోవడం అనే కొత్త చిక్కులు వస్తాయి.

పారిపోకుండా కాపాడడం

అతి చిన్న చీమల పెంపకంలో వైఫల్యాలకు ప్రధాన కారణం పలాయనం. వీటి తల వెడల్పు అర మిల్లీమీటరు కన్నా తక్కువ. మూత బాగా బిగిసిందని కంటికి తోచినా వాటికి అది తెరిచిన వాకిలే. అందువల్ల మూతను నమ్మక, గోడను జారుడుగా చేయాలి. ప్రయోగశాలల్లో ఫ్లూవాన్ అనే ద్రవాన్ని ట్రే లోపలి అంచున పూస్తారు. అది దొరకని చోట ముఖానికి రాసే టాల్కమ్ పొడిని స్పిరిట్‌లో కలిపి దూదితో పూసి ఆరబెట్టవచ్చు. గాలిలో తేమ పెరిగినప్పుడు ఈ రెండు పూతలూ పట్టు కోల్పోతాయి. ముసురు రోజుల్లో టాల్కమ్ పూతను తరచుగా తుడిచి మళ్లీ వేయాలి.

రెండో కోట తెలుగు ఇళ్లకు కొత్తది కాదు. పాలగిన్నెను, బెల్లం డబ్బాను నీళ్ల పళ్లెంలో పెట్టే అలవాటే ఇక్కడా పనికివస్తుంది. ట్రేను అంతకన్నా పెద్ద పళ్లెంలో రెండు ఇటుక ముక్కల మీద నిలిపి చుట్టూ నీరు పోయాలి. నీటి మీద దుమ్ము తెట్టె కడితే ఇంత తేలికైన చీమలు దాని మీదుగా నడిచిపోగలవు. నీటిలో ఒక చుక్క సబ్బు ద్రవం కలిపితే తలతన్యత తగ్గి ఆ వంతెన నిలవదు. బయటి చీమలు లోపలికి రాకుండా కూడా ఈ కందకమే కాపలా. ఇది మరచిపోరాదు: పెంచే గూటిని నాశనం చేసేది చాలాసార్లు ఇంటి చీమే.

ఆహారం: ఎవరు ఏది తింటారు

ఎదిగిన చీమ ఘనాహారం మింగలేదు. నోటిలోని ఒక చిన్న సంచి ముక్కలను వడగట్టి ద్రవాన్ని మాత్రమే లోపలికి పోనిస్తుంది. ఘనాహారాన్ని జీర్ణించుకునేది లార్వా. శ్రామికులు పురుగు ముక్కలను తెచ్చి లార్వాల మీద పెడతాయి. ఒక చీమ తాగిన ద్రవం నోటి నుంచి నోటికి గూడంతా పంపిణీ అవుతుంది. కాబట్టి పంచదార నీరు శ్రామికుల శక్తికి, మాంసకృత్తులు లార్వాల ఎదుగుదలకు, రాణి గుడ్లకు అవసరం. రెండింటిలో ఏది లోపించినా గూడు కొన్ని వారాల్లో ఆ లోపాన్ని చూపుతుంది.

పంచదార నీటిని విడిగా చుక్కగా పెడితే ఈ చీమలు అందులో మునిగి చస్తాయి. చిన్న దూది ఉండకు పట్టించి పెట్టాలి. మాంసకృత్తులకు చెదపురుగు, చంపిన పండుఈగ, ఉడికిన గుడ్డు సొన ఆవగింజంత చాలు. నిల్వ ఆహారం కావాలంటే 1970లో భట్కర్, విట్‌కోంబ్ ప్రకటించిన మిశ్రమం నేటికీ ప్రమాణం: అర లీటరు నీరు, 5 గ్రాముల అగార్, 62 మిల్లీలీటర్ల తేనె, ఒక కోడిగుడ్డు, ఒక గ్రాము విటమిన్ల పొడి, ఒక గ్రాము ఖనిజ లవణాల పొడి. అగార్‌ను మరుగు నీటిలో కరిగించి, చల్లారుతుండగా మిగిలినవి కలిపి, గడ్డకట్టిన తరువాత శీతలయంత్రంలో ఉంచి, రోజూ చిన్న ముక్క ఇవ్వవచ్చు. మిగిలిన ఆహారాన్ని మరునాటికి తీసివేయాలి. బూజు, నల్లులు గూటిలో చేరే దారి అదే.

గూడు చెప్పే పాఠం

ఇంతవరకు చెప్పినది పోషణ. విస్తరణ శాస్త్రవేత్తకు అసలు ప్రయోజనం ఇక్కడ మొదలవుతుంది.

మొదటి పరిశీలన: ఏ సమయంలో లెక్కించినా ట్రేలో తిరిగే చీమలు మొత్తం సమూహంలో కొద్ది భాగమే. మిగిలినవి రాణుల చుట్టూ, పిల్లల చుట్టూ గూటిలోనే ఉంటాయి. పొలంలో రైతుకు కనిపించే బారు ఆ కొద్ది భాగమే. బారును చంపినంత మాత్రాన గుడ్లు పెట్టడం ఆగదు.

రెండో పరిశీలన: పంచదార నీటిలో తినే రంగు కలిపితే టాపినోమా చీమల పాలిపోయిన పొట్టలోంచి ఆ రంగు బయటికి కనిపిస్తుంది. 2011లో మైసూరులో తీసిన ఇటువంటి ఛాయాచిత్రాలు ప్రపంచమంతటా ప్రచారం పొందాయి. గాజు నాళికలో మరింత చూడవచ్చు: బయటికి రాని చీమల పొట్టలకూ ఆ రంగు ఎంతసేపటికి చేరుతుందో గడియారం పెట్టి రాసుకోవచ్చు. ఎర గూటిలోకి ఎలా ప్రయాణిస్తుందో విద్యార్థికి ఇంతకన్నా స్పష్టంగా బోధించే పాఠం లేదు.

మూడో పరిశీలన: వెంటనే చంపే విషాన్ని ఆహారంలో కలిపితే తిన్న చీమ ట్రేలోనే చస్తుంది, రంగు ప్రయాణించిన దారిలో విషం ప్రయాణించదు. నెమ్మదిగా పనిచేసే విషమైతే పంచుకోవడానికి సమయం దొరుకుతుంది. 1996లో అమెరికా శాస్త్రవేత్తలు ప్రచురించిన ప్రయోగశాల ఫలితాలలో, పది శాతం పంచదార నీటిలో ఒక్క శాతం బోరిక్ ఆమ్లం కలిపిన ఎర ఫారో చీమ, టాపినోమా, అర్జెంటీనా చీమల సమూహాలలో శ్రామికులను, పిల్ల దశలను కొన్ని వారాల్లో గణనీయంగా తగ్గించింది. ఒక్క శాతం మాత్రమే అన్నది గమనించవలసిన విషయం. మోతాదు పెంచితే మేలు పెరుగుతుందన్న ఊహ ఇక్కడ తలకిందులవుతుంది. గాఢత ఎక్కువైన ఎరను చీమలు వదిలేస్తాయి, లేదా తిన్నవి గూటికి చేరక ముందే చస్తాయి.

నాలుగో పరిశీలన: వికర్షక గుణం ఉన్న మందును చల్లినప్పుడు ఫారో చీమల సమూహం చీలిపోతుంది. కొందరు శ్రామికులు పిల్ల దశలను మోసుకుని వేరే చోట స్థిరపడతాయి. వాటిలో రాణి లేకపోయినా, ఉన్న లార్వాల నుంచి కొత్త రాణులను పెంచుకోగలవు. ఒక గూడు ఉన్న ఇంట్లో మూడు గూళ్లు వెలుస్తాయి. మందు చల్లిన నాలుగు రోజులకు మరో గోడ వెంట బారు కనిపించడానికి కారణం ఇదే కావచ్చునని అప్పుడు అర్థమవుతుంది.

ఐదో పరిశీలన: కొన్ని రోజులు తీపి మాత్రమే ఇచ్చి తరువాత తీపినీ, మాంసకృత్తులనూ పక్కపక్కన పెడితే చీమలు రెండోదాని వైపు మళ్లుతాయి. ఎరలోని ఆహారం ఆ వారంలో గూటి ఆకలికి సరిపోకపోతే అందులోని మందు ఎంత మంచిదైనా నిష్ఫలం. ఎర పెట్టే ముందు నూనె, తీపి, మాంసకృత్తులు మూడింటినీ చిన్న కాగితాల మీద పెట్టి ఒక గంట తరువాత చీమలను లెక్కించమని రైతుకు చెప్పడం ఖర్చు లేని సలహా.

ఈ పరిశీలనలను ప్రయోగంగా మార్చేటప్పుడు గణాంక క్రమశిక్షణ తప్పనిసరి. క్షేత్ర ప్రయోగంలో మడి ఎటువంటిదో ఇక్కడ గూడు అటువంటిది. ఒకే గూటిలోని రెండు వందల చీమలు రెండు వందల పునరావృతాలు కావు. అవి ఒకే మడిలోని రెండు వందల దుబ్బుల వంటివి. ఒక్కో చర్యకు కనీసం నాలుగైదు గూళ్లు, వాటితో సమానంగా మందులేని గూళ్లు ఉండాలి. చచ్చిన శ్రామికుల సంఖ్యతో తృప్తిపడక రాణుల సంఖ్యను, గుడ్లను, లార్వాలను ఆరు వారాల వరకు నమోదు చేయాలి. మొదటి వారంలో గెలిచినట్లు కనిపించిన మందు ఆరో వారానికి ఓడిపోవడం గూటి నమోదులోనే బయటపడుతుంది.

పొలానికి అన్వయం

గాజు గూడు నేర్పేది చంపడం ఒక్కటే కాదు. చంపవలసిన అవసరం ఉందా అన్న ప్రశ్ననూ అదే లేవనెత్తుతుంది. పురుగుల గుడ్లను ట్రేలో పెడితే అనేక చలిచీమలు వాటిని మోసుకుపోయి లార్వాలకు పెడతాయి. ఫ్లోరికోలా చెట్ల మీది కీటకాల గుడ్లను తినే చీమ. వరి గట్ల మీది అగ్గిచీమ పొడి దుక్కిలో చల్లిన విత్తనాన్ని ఎత్తుకుపోయే దొంగ. అదే చీమ పైరు మీది పురుగుల గుడ్లను, పిల్లలను వేటాడే కాపలాదారు కూడా. విత్తనం మొలకెత్తే కొద్ది రోజులకు పరిమితమైన నష్టానికి గట్టంతా మందు చల్లితే పంట కాలమంతా దొరికే సేవ పోతుంది.

పిండినల్లి విషయం వేరు. 2008లో కోయంబత్తూరు వద్ద కనిపించిన బొప్పాయి పిండినల్లి దక్షిణాది రాష్ట్రాలకు వ్యాపించినప్పుడు 2010లో దిగుమతి చేసుకున్న ఎసిరోఫాగస్ పపాయే అనే పరాన్నజీవి దానిని అదుపు చేసింది. పిండినల్లి విసర్జించే తీపి ద్రవం కోసం చేరే చీమలు ఇటువంటి పరాన్నజీవులను తరిమివేస్తాయి. అక్కడ చీమను చెట్టుకు దూరం చేయడం జీవనియంత్రణకు తోడ్పాటు. ఒకే చీమ ఒక మడిలో మిత్రుడు, మరో చెట్టు మీద శత్రువు. జాతిని గుర్తించి, అది అక్కడ చేస్తున్న పనిని చూసి, తరువాతనే సలహా ఇవ్వాలి.

ప్రయోగశాల ఫలితం నేరుగా రైతుకు సిఫార్సు కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఏ మందునైనా దాని నమోదులో పేర్కొన్న వినియోగానికి లోబడే సూచించాలి. తీపి ఎరలను పిల్లలకు, పశువులకు, తేనెటీగలకు అందని రీతిలో మూసిన డబ్బాలలో ఉంచడం తప్పనిసరి.

పాటించవలసిన హద్దులు

చీమల పెంపకం ఇప్పుడు ప్రపంచవ్యాప్తంగా ఒక వినోదం, ఒక వ్యాపారం. 2025 ఏప్రిల్‌లో కెన్యాలో సుమారు 5,000 రాణి చీమలను దూది బిగించిన గొట్టాలలో విదేశాలకు తరలించబోయిన ఇద్దరు బెల్జియం యువకులు పట్టుబడ్డారు. మరో కేసులోని ఇద్దరితో సహా నలుగురికీ మే నెలలో న్యాయస్థానం ఒక్కొక్కరికి పది లక్షల కెన్యా షిల్లింగుల జరిమానా, లేదా ఏడాది జైలు విధించింది. ఒక్క రాణి కొత్త దేశానికి చేరితే ఏమి జరుగుతుందో పంట రక్షణ శాస్త్రం ఎరిగినదే. 2022లో తమిళనాడులోని దిండిగల్ జిల్లా కరంతమలై కొండల చుట్టూ ఉన్న గ్రామాలలో పసుపు వెర్రిచీమ విజృంభించి పశువులను, పంటలను ఇబ్బంది పెట్టింది.

అందువల్ల మూడు నియమాలు అవసరం. పెంచే చీమ ఆ ఊరిదే అయి ఉండాలి. అంగడిలో, అంతర్జాలంలో కొన్నది కాకూడదు. ఒక జిల్లా సమూహాన్ని మరో జిల్లా కళాశాలకు తరలించకూడదు. ప్రయోగం ముగిసిన సమూహాన్ని, ముఖ్యంగా మందు తిన్నదాన్ని, బయట వదలకుండా శీతలయంత్రపు గడ్డకట్టే అరలో రెండు రోజులు ఉంచి ముగించాలి. ప్రయోగానికి అవసరమైనంతకు మించి గూళ్లు సేకరించకపోవడం వీటికి తోడు పాటించవలసిన మర్యాద.

ముగింపు

ఒక పరీక్షనాళిక, గుప్పెడు దూది, ఒక ట్రే, ఒక నీళ్ల పళ్లెం, రోజుకు పది నిమిషాల శ్రద్ధ: ఈ ప్రయోగశాలకు కావలసినవి ఇవే. కోవూరు వంటి ప్రాంతంలో విద్యార్థులు తమ గ్రామ మకాం కాలంలో ఇటువంటి నాలుగైదు గూళ్లను నిర్వహించి, రైతు సేవా కేంద్రంలో రైతుల ముందు ఉంచగలిగితే, మాటల్లో చెప్పడానికి గంట పట్టే విషయం చూపులో నిమిషంలో బోధపడుతుంది. రంగు నీరు బారు నుంచి గూటికి, గూటి నుంచి లార్వాకు చేరడం కళ్లారా చూసిన రైతు పొడిమందు సంచి విప్పే ముందు గూడెక్కడ ఉందని అడుగుతాడు. ఆ ప్రశ్న పుట్టిన చోట మందు ఖర్చు తగ్గుతుంది, మేలు చేసే చీమ మిగులుతుంది.